స్టూరె వారం

శనివారం గుర్రప్పందేలకి మా నలుగురికీ కలిపి ఒకటే చీటీ. వంతుల వారీగా వేస్తాం. ఒక వారం సిక్‌స్టెన్, పై వారం మాయ్‌లిస్, ఆ పైది స్టూరె, తర్వాత నేను. వంతు ఎవరిదైతే ఆ వారం వాళ్ళదే రాజ్యం. మిగతా ముగ్గురూ నోరెత్తకూడదు. ఇదెందుకు వేశావని ముందు అడగకూడదు, అదెందుకు వేయలేదని తర్వాతా అడగకూడదు. కాకపోతే ఏడు రేసుల్లో కనీసం నాలుగింట్లో మన గుర్రం గెలవకపోతే, చీటీ వేసినవాళ్ళు సోమవారం కేకు పట్టుకురావాలి. పైన ఆకుపచ్చ పూత, లోపల క్రీము, అడుగున జామ్ ఉండే పెద్ద కేకు. చిన్నది తెస్తే ఒప్పుకోం. ఆ కేకు తింటున్నంతసేపూ తెచ్చినవాళ్ళని ఎన్ని మాటలైనా అనొచ్చు, వాళ్ళు పడాలి. ప్లేట్లు కడిగాక మాత్రం ఇక ఆ ఊసెత్తకూడదు.

సిక్‌స్టెన్ కాగితం మిల్లులో షిఫ్టు ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. అయినా ఇప్పటికీ ఎదుటివాళ్ళంతా తన షిఫ్టులోనే ఉన్నట్టు మాట్లాడతాడు. మాయ్‌లిస్‌ది మెయిన్ రోడ్డు మీద జుట్టు కత్తిరించే సెలూను. సోమవారం సెలూనుకి సెలవు కాబట్టి దాని వెనక గదిలో మా కాఫీలు. నా పేరు ఎవర్ట్. అడవిలోంచి మిల్లుకి దుంగలు మోసే లారీ తోలేవాణ్ణి. స్టూరె మిల్లులో ఎలక్ట్రీషియన్. మొదటి మంచు పడ్డ రోజున వాకిట్లో మంచు తోస్తూ, చేతిలో పార అలాగే ఉండగా కూలిపోయాడు. మాలో బాగా వేసేవాడు అతనేనని చెప్పను, అబద్ధమవుతుంది. కేకులు ఎక్కువ తెచ్చినవాడు మాత్రం అతనే.

స్టూరె పోయాక అతని వంతు ఏం చేయాలన్న మాట ఎత్తింది సిక్‌స్టెనే. అదీ ఎక్కడ? సమాధి చేసి వచ్చి, చర్చి హాల్లో అందరం కాఫీ కప్పులు పట్టుకుని నిలబడ్డ చోట. నాకు ఒళ్ళు మండింది. అదే ప్రశ్న నా బుర్రలోనూ తిరుగుతోంది కాబట్టి ఇంకాస్త ఎక్కువ మండింది.

"నేను ఆలోచించాను," అన్నాడు సిక్‌స్టెన్, రొట్టెముక్క నములుతూ. "స్టూరె వారం మిషన్‌తో వేయిద్దాం. వాటా అలాగే ఉంటుంది. వాళ్ళావిడ గున్నెల్ కడుతుంది, వస్తే తీసుకుంటుంది. ఎవరికీ తలనొప్పి ఉండదు."

"స్టూరె వింటే లేచొస్తాడు," అంది మాయ్‌లిస్.

"రానీ. వస్తే వంతు తనకే ఇచ్చేద్దాం."

మిషను అంటే పందేల కంపెనీ పెట్టింది. ఎంత డబ్బుకి ఆడతామో చెప్తే చాలు, ఏడు రేసులకీ అదే గుర్రాల్ని ఎంచి చీటీ అచ్చుకొట్టి ఇస్తుంది. జనం దేని మీద ఎక్కువ వేస్తున్నారో చూసుకుని కాస్త అటు మొగ్గుతుంది, మిగతాదంతా గుడ్డిగా పెడుతుంది. గుర్రం కుంటుతోందా, నాడాలు తీసేసి పరుగెత్తిస్తున్నారా, తోలేవాడికి పెళ్ళాంతో గొడవైందా, ఇవేవీ దానికి అక్కర్లేదు. మా ఊళ్ళో సగం మంది అవే చీటీలు కొంటారు. కొని, గెలిస్తే తామే గెలిచినట్టు చెప్పుకుంటారు, ఓడితే మిషన్ని తిడతారు. అలాంటి వాళ్ళంటే నాకు మొదట్నుంచీ పడదు.

సిక్‌స్టెన్ వెళ్ళి గున్నెల్‌తో ఈ మాట చెప్పాడు. వచ్చినవాళ్ళంతా ఆమె చెయ్యి పట్టుకుని ఏదో ఒకటి చెప్తున్నారు, ఆమె అందరికీ తలూపుతోంది. సిక్‌స్టెన్‌కీ ఊపింది. ఆ రోజు ఎవరైనా వెళ్ళి నీ ఇంటి కప్పు ఊడదీసుకుపోతాం అన్నా తలూపే ఉండేది. సిక్‌స్టెన్ మాత్రం అంగీకారం అయిపోయిందని వచ్చేశాడు.

డిసెంబరులో స్టూరె వారం వచ్చింది. మిషను చీటీ వేశాం. మూడే తగిలాయి.

సోమవారం వెనక గదిలో కూర్చున్నాం. కాఫీ ఉంది, కేకు లేదు.

"ఎవరు తేవాలి?" అన్నాను.

"స్టూరె వంతు కదా," అన్నాడు సిక్‌స్టెన్. "స్టూరె తరఫున గున్నెల్ తేవాలి. ఫోన్ చెయ్యి."

"నువ్వే చెయ్యి."

"నాకంటే నువ్వు నెమ్మదిగా మాట్లాడతావు."

ఇలాంటి పొగడ్త వెనకాల ఎప్పుడూ ఏదో ఒక చాకిరీ ఉంటుంది. ఫోన్ చేశాను. ఈ పనికి తగవని నాకే తెలిసిన మాటల్లో ఏదో గొణిగాను. గున్నెల్ అంతా విని, "వస్తున్నా," అని పెట్టేసింది. పావుగంటలో వచ్చింది. కోటు విప్పలేదు. చేతులు ఖాళీ.

"నేను ఎన్నుకోని గుర్రానికి నేను కేకు తేను," అంది గుమ్మంలోనే నిలబడి. "నా తప్పుకైతే తెస్తాను. రెండు తెమ్మన్నా తెస్తాను. ఆ డబ్బా చేసిన తప్పుకి నేనెందుకు మాటలు పడాలి?"

"నిన్నెవరూ ఏమీ అనరమ్మా," అన్నాడు సిక్‌స్టెన్.

"అనకపోతే ఇంక కేకెందుకు?"

గున్నెల్ లోపలికొచ్చి చేతి తొడుగులు తీసి బల్ల మీద పెట్టింది.

"స్టూరె వంతు నాకివ్వండి. నేను వేస్తాను."

సిక్‌స్టెన్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, షిఫ్టులో కొత్తగా చేరినవాణ్ణి చూసి నవ్వే నవ్వు. "నువ్వా? ఎప్పుడైనా ఒక రేసు మొదట్నుంచి చివరిదాకా చూశావా?"

"లేదు."

"మరి?"

"మీరు చూశారుగా, ఇన్నేళ్ళూ. ఎంత గెలిచారేంటి?"

మాయ్‌లిస్ కాఫీ గొంతుకి అడ్డం పడి దగ్గింది. సిక్‌స్టెన్ ఆలోచిద్దాం అన్నాడు. ఆలోచిద్దాం అంటే అతని భాషలో లేదని. ఆ సోమవారానికి ఉమ్మడి డబ్బుతో కేకు కొని తెచ్చాడు. ముగ్గురం తిన్నాం. ఎవర్ని ఏమనాలో తెలియలేదు. వాతావరణం గురించి మాట్లాడుకుంటూ తిన్న కేకు అంత చప్పగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. మాయ్‌లిస్ సగం వదిలేసింది.

జనవరిలో మళ్ళీ స్టూరె వారం. మళ్ళీ మిషను చీటీ. ఈసారి ఏడుకి ఏడూ తగిలాయి.

వచ్చిన డబ్బు గురించి పెద్దగా చెప్పను. సిక్‌స్టెన్ పడవకి కొత్త మోటారు వచ్చింది, మాయ్‌లిస్ సెలూనులో రెండు కుర్చీలు మారాయి. అంతకంటే ముఖ్యం ఊళ్ళో పుట్టిన మాట. పొగాకు దుకాణంలో, పెట్రోలు బంకులో, చివరికి చర్చి పాస్టరు నోటా అదే మాట: స్టూరె పైనుంచి పంపాడు, తన వారంలో స్నేహితుల్ని మర్చిపోలేదు. వినడానికి బాగానే ఉంది. నేనూ ఒకరిద్దరితో అన్నాను.

గున్నెల్ మాత్రం ఈ మాట విని మండిపడింది. సూపర్ మార్కెట్లో పాల దగ్గర నన్ను పట్టుకుంది.

"మూడో రేసులో ఏ గుర్రం గెలిచింది, ఎవర్ట్?"

చెప్పాను.

"దాన్ని తోలింది ఎవరు?"

"ఫాల్క్."

"ఫాల్క్ తోలే గుర్రం మీద స్టూరె వేస్తాడా?"

ఫాల్క్ ఒకప్పుడు పందేల మైదానం బయట గుర్రాల ట్రెయిలరు వెనక్కి తీస్తూ స్టూరె కారు తలుపు సొట్టపెట్టి, దిగి చూడకుండా పోయాడు. ఆ రోజు నుంచి స్టూరె ఫాల్క్ గుర్రం మీద పైసా పెట్టలేదు. ఫాల్క్ గెలవడం ఖాయమని పసిపిల్లలకి తెలిసినా పెట్టేవాడు కాదు. అతను తెచ్చిన కేకుల్లో సగం ఫాల్క్ పుణ్యమే.

"పైనుంచి పంపాడట," అంది గున్నెల్. "పైకెళ్ళగానే బుద్ధి మారిందా? ఫాల్క్‌ని పంపుతాడా నా మొగుడు? వాళ్ళు చెప్తున్న మనిషి ఎవరో నాకు తెలీదు. మా ఇంట్లో ఉన్న మనిషైతే కాదు."

పాల పెట్టె బండిలో పడేసి వెళ్ళిపోయింది. నేను కొనాల్సింది ఏమిటో మర్చిపోయి ఇంటికొచ్చాను.

ఇక సిక్‌స్టెన్. అతనికి మిషను మీద భక్తి పుట్టింది. స్టూరె వారమే ఎందుకు, అన్ని వారాలూ దానికే ఇచ్చేద్దాం అన్నాడు. "మనం నలుగురం బుర్రలు బద్దలు కొట్టుకుని ఏం సాధించాం? అది కన్ను మూసుకుని కొట్టింది."

"మరి సోమవారం ఇక్కడెందుకు కలవడం?" అంది మాయ్‌లిస్.

"కాఫీకి."

"కాఫీ మా ఇంట్లోనూ ఉంది, నీ మొహం చూడకుండా తాగొచ్చు."

అప్పుడు ఇంకో చిక్కు వచ్చిపడింది. శనివారం పెద్ద పందేలు ఒక్కో వారం ఒక్కో ఊళ్ళో జరుగుతాయి. మాకు దగ్గర్లో ఉన్న బొల్నేస్ ఊరి మైదానానికి ఏడాదికి ఒకటి రెండుసార్లు వస్తాయంతే. ఆ రోజు మేమంతా చీటీతో సహా మైదానానికే వెళ్తాం, అది మాకు పండగ. ఆ ఫిబ్రవరిలో అది సరిగ్గా స్టూరె వారంలో పడింది. ఆ సంగతి తెలిసిన మర్నాడే గున్నెల్ మళ్ళీ అడిగింది. ఈసారి మాయ్‌లిస్ దగ్గర జుట్టు కత్తిరించుకుంటూ అడిగింది. మాయ్‌లిస్ కత్తెర అక్కడే దించి, నా ఓటు నీకే అనేసింది. సిక్‌స్టెన్ ససేమిరా అన్నాడు. సొంత మైదానంలో, గెలిచే మిషన్ని పక్కనబెట్టి, గుర్రానికి ముందేదో వెనకేదో తెలియని మనిషి చేతికి చీటీ ఇస్తే ఊరంతా నవ్వుతుందట. మిగిలింది నేను. ఇలాంటి చోట మిగిలేది ఎప్పుడూ నేనే.

"నువ్వెళ్ళి ఆవిడకి నచ్చజెప్పు," అన్నాడు సిక్‌స్టెన్. "అసలు ఓటు దాకా రాకుండా తనే వద్దంటే అందరికీ మర్యాద."

వెళ్ళాను. గున్నెల్ తలుపు తీసింది.

"ముందు కాఫీ తాగుతావా, సిక్‌స్టెన్ చెప్పి పంపిన ముక్క అప్పజెప్తావా?"

"కాఫీ," అన్నాను.

వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. పల్చటి బార్లీ రొట్టె, వెన్న, కాఫీ పెట్టింది. స్టూరె కుర్చీలో కూర్చోబోయి పక్కదానికి మారాను. ఆమె అది చూసింది.

"నాకు గుర్రాల గురించి ఏమీ తెలీదు, ఎవర్ట్," అంది. "అది నువ్వు చెప్పనక్కర్లేదు. పందేలకి తనతో వచ్చేదాన్ని గానీ కారులోనే కూర్చునేదాన్ని. ఫ్లాస్కు, గళ్ళ నుడికట్టు, కాళ్ళ మీద దుప్పటి. చలి నాకు పడదు."

"మరెందుకీ పట్టుదల?"

నా కప్పు నిండుగానే ఉన్నా మళ్ళీ పోసింది.

"తన వంతు వచ్చిందంటే బుధవారం నుంచే మనిషి మనిషిలో ఉండేవాడు కాదు. పేపరు ముందేసుకుని ఇదిగో ఇక్కడే. అన్నం పెట్టాలంటే పేపరు లేపి కింద ప్లేటు తోయాలి. గురువారానికి ఏదో ఒక రేసు దగ్గర ఇరుక్కునేవాడు. 'గున్నెల్, ఇందులో దేన్ని వెయ్యను?' అనేవాడు. నేను గిన్నెలు కడుగుతూ, పేర్లు చదవమనేదాన్ని. చదివేవాడు. నాకేది నచ్చితే అది చెప్పేదాన్ని."

"వేసేవాడా?"

"ఒక్కసారి కూడా వెయ్యలేదు." ఆమె గొంతులో పచ్చి కోపం ఉంది. "ఒక్కసారంటే ఒక్కసారి! 'ఊఁ' అని, ఇంకో గుర్రానికి గుర్తు పెట్టేవాడు. పెళ్ళైన ఏడాది నుంచీ ఇదే వరస. వెయ్యనప్పుడు అడగడమెందుకయ్యా అంటే, 'నువ్వు చెప్తే నాకు తెలుస్తుంది' అనేవాడు. ఏం తెలుస్తుందో చెప్పకుండానే పోయాడు."

కిటికీ అవతల వాకిట్లో మంచు ఎవరో పక్కింటివాళ్ళు తోసినట్టుంది, వంకరగా ఉంది.

"ఇన్నేళ్ళు నేను చెప్పిన పేర్లన్నీ గాల్లో కలిసిపోయాయి," అంది. "వాటిల్లో గెలిచినవి ఎన్నో నాకు తెలీదు. శనివారం టీవీ దగ్గరికి కావాలనే వెళ్ళేదాన్ని కాదు. వెళ్తే, నాది గెలిచుంటే, కొట్లాట అవుతుందని. అయినా అడిగేవాడు ఉన్నాడు, చెప్పేదాన్ని, అదీ ఒక లెక్కే. ఇప్పుడు ఆ కుర్చీలో మీరు మిషన్ని తెచ్చి కూర్చోబెట్టారు. అది నన్ను అడగనైనా అడగదు."

నేను రొట్టె ముక్క కింద పెట్టేశాను. సిగ్గేసింది. మేం ముగ్గురం స్టూరె వంతు గురించి ఇన్ని మాటలాడుకున్నాం, ఆ వంతు ఒక ఇంట్లో ఒక బల్ల దగ్గర ఇద్దరి మధ్య జరిగే పని అని మాకు తట్టనే లేదు.

"ఓడిపోతావు, గున్నెల్," అన్నాను.

"తెలుసు. ఒక్కసారి నేను చెప్పిన గుర్రం పరుగెత్తాలి. నా కళ్ళ ముందు. అంతే నాకు కావలసింది. సిక్‌స్టెన్‌కి ఏం చెప్తావో చెప్పుకో."

సోమవారం నేను గున్నెల్ వైపు చెయ్యెత్తాను. సిక్‌స్టెన్ నా వంక చూసిన చూపుకి మిల్లులో అయితే నా రెండు షిఫ్టులు కోతపడేవి.

"నిన్ను పంపింది దేనికి, నువ్వు చేసుకొచ్చింది ఏంటి?" అన్నాడు.

"కాఫీ బాగుంది," అన్నాను.

శుక్రవారం సాయంత్రం పొగాకు దుకాణంలో చీటీ కట్టే ముందు గున్నెల్ దాన్ని మాకు చూపించింది. చూడటం వరకే మా హక్కు. చూశాను. అదనంగా డబ్బు కడితే ఒక రేసులో ఎన్ని గుర్రాలకైనా గుర్తు పెట్టొచ్చు. రెండో రేసులో ఉన్న గుర్రాలన్నిటికీ గుర్తులు పెట్టింది, ఒక్క ఫాల్క్ తోలేదాన్ని తప్ప. ఆ రేసులో గెలుస్తుందని దేశమంతా నమ్మిన గుర్రం అదొక్కటే. ఇక ఆఖరి రేసు. మేం 'మేకు' అంటాం, అంటే ఆ రేసులో ఒకే ఒక్క గుర్రాన్ని నమ్మి, మిగతావాటి జోలికి పోకపోవడం. బాగా ఆలోచించి, నమ్మకమున్న చోటే మేకు కొడతారు. గున్నెల్ ఆఖరి రేసులో హెడ్డా అనే ఆడగుర్రం మీద మేకు కొట్టింది. మా ఉత్తరాది మోటు జాతిది, పొట్టి కాళ్ళు, కళ్ళ మీదికి జుట్టు. దాని పేరు నేను అంతవరకు గెలిచినవాటిలో ఎక్కడా చదవలేదు.

సిక్‌స్టెన్ నోరు తెరిచాడు. మాయ్‌లిస్ అతని బూటు మీద బూటు వేసి తొక్కింది. నోరు మూసుకున్నాడు. అయితే పక్క కౌంటరుకి వెళ్ళి, సొంత డబ్బుతో విడిగా ఒక మిషను చీటీ కొట్టించుకుని జేబులో పెట్టుకున్నాడు. అది మా అందరికీ కనపడేలాగే చేశాడు.

శనివారం నా కారులోనే నలుగురం బొల్నేస్ వెళ్ళాం. ఎముకలు కొరికే చలి. గున్నెల్ స్టూరె టోపీ చెవులు కప్పేలా లాక్కుని, కారులో కూర్చోనని ముందే చెప్పి, నేరుగా కంచె దగ్గరికి నడిచింది. మా పందేల్లో గుర్రం మీద ఎవరూ ఎక్కరు. వెనకాల రెండు చక్రాల బండి, అందులో తోలేవాడు. గుర్రం ఎంత వడిగానైనా నడవొచ్చు గానీ దౌడు తీయకూడదు, తీస్తే అక్కడితో సరి. ఇంత కూడా ఆమెకి అక్కడే, కంచె పట్టుకుని ఉండగా మాయ్‌లిస్ చెప్పింది.

మొదటి రేసు తగిలింది. గున్నెల్ ఎగిరి గంతేసింది. రెండోది ఫాల్క్ గెలిచాడు. ఎవరికీ అందనంత ముందు, కాలు మీద కాలేసుకున్నంత తీరిగ్గా గెలిచాడు. సిక్‌స్టెన్ కళ్ళు మూసుకుని ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"దొంగ వెధవ," అంది గున్నెల్ ఫాల్క్ దాటిపోతుంటే. అచ్చం స్టూరె అన్నట్టే అంది.

మూడూ నాలుగూ కూడా పోయాయి. అక్కడితో మా చీటీ చచ్చింది. డబ్బు రావాలంటే కనీసం ఐదు తగలాలి, ఇక ఏం గెలిచినా పైసా రాదు. ఐదోది తగిలింది గానీ లాభం లేదు, ఆరోది మళ్ళీ పోయింది. అప్పటికి రెండు.

"నీ మిషను సంగతేంటి?" అని అడిగింది మాయ్‌లిస్ సిక్‌స్టెన్‌ని.

అతను జేబులోంచి తీసి చూసుకున్నాడు. "రెండు," అన్నాడు, చూపు ఎటో పెట్టి.

"అయితే సోమవారం దాన్ని కేకు పట్టుకురమ్మను. ఆకుపచ్చది. పెద్దది."

సిక్‌స్టెన్ చీటీ నలిపి జేబులో తోసుకున్నాడు. చలికి ముక్కు ఎర్రబడి, ఇక ఇంటికి పోదాం అన్నాడు. "చచ్చిన చీటీకి కాపలా ఎందుకు? ఆఖరిదాకా ఉంటే పార్కింగులో గంట ఇరుక్కుంటాం."

"మీరు కారులో కూర్చోండి," అంది గున్నెల్. "ఫ్లాస్కు వెనక సీట్లో ఉంది. నా మేకు ఇంకా రాలేదు."

ఎవరం వెళ్ళలేదు. సిక్‌స్టెన్ కూడా.

ఆఖరి రేసుకి చీకటి పడింది. దీపాల వెలుగులో గుర్రాల ఒంటి నుంచి ఆవిర్లు లేస్తున్నాయి. హెడ్డా వరస చివర, బయటి వైపు నిలబడింది. మొదలవగానే అది చేసిన పనికి మేం నలుగురం కంచె మీదికి వంగిపోయాం. అందర్నీ దాటుకుని ముందుకొచ్చేసింది. పొట్టి కాళ్ళు కుట్టుమిషను సూదిలా ఆడుతున్నాయి. మొదటి చుట్టు ముందే. రెండో చుట్టూ ముందే.

"అది నాది!" అని అరిచింది గున్నెల్. "చూడండి, అది నాది!"

"పట్టు, పట్టు, కదిలించకు!" అని సిక్‌స్టెన్ తోలేవాడికి చెప్తున్నాడు, ఆ మనిషికి వినపడుతున్నట్టు. నేనూ ఏదో అరుస్తున్నాను. దమ్మిడీ రాని చీటీకి నలుగురు ముసలివాళ్ళం గొంతులు చించుకున్నాం.

ఆఖరి మలుపులో హెడ్డా దౌడు తీసింది. ఎందుకో ఎవరికి తెలుసు, బహుశా సంతోషం పట్టలేక. కాళ్ళు కలిపి ఒక్క ఎగురు ఎగిరి, కుందేలు పిల్లలా గంతులేస్తూ మైదానం అంచుకి పోయింది. తోలేవాడు వెనక్కి వాలి పగ్గాలు లాగుతూనే ఉన్నాడు. మిగతా గుర్రాలన్నీ దాన్ని దాటుకుని గీత చేరాయి. ఎర్ర దీపం వెలిగి, దాని నంబరు కొట్టేశారు.

మేం గున్నెల్ వైపు చూడలేదు. చూసే ధైర్యం నాకైతే లేదు. కాసేపటికి ఒక శబ్దం వినపడి తిరిగాను. నవ్వుతోంది. కంచె పట్టుకుని, వంగి, టోపీ జారిపోయేలా నవ్వుతోంది.

"ఓరి దేవుడా," అంది ఊపిరి తిప్పుకుంటూ. "మాయ్‌లిస్, ఇన్నేళ్ళూ నా మాట వినలేదని మనసులో పెట్టుకున్నానే! విని ఉంటే ఈ పాటికి ఇల్లు కూడా మిగిలేది కాదు!"

ఇంకాస్త నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో నేను చెప్పలేను. స్టూరె పోయినప్పటి నుంచి ఆమె ఏడవగా నేను చూడటం అదే మొదలు. మాయ్‌లిస్ ఆమెని పట్టుకుంది. సిక్‌స్టెన్ కింద పడ్డ టోపీ తీసి, మంచు దులిపి, చాలా జాగ్రత్తగా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

తిరుగుదారిలో ఊరు దగ్గర పడుతుంటే గున్నెల్ ముందుకు వంగి నా భుజం తట్టింది.

"చర్చి దగ్గర ఆపు, ఎవర్ట్. తనకి ఒక మాట చెప్పాలి."

శ్మశానం గేటు ముందు ఆపి, దారి కనపడాలని కారు లైట్లు ఆర్పకుండా ఉంచాను. మోకాళ్ళ దాకా మంచులో నడిచి స్టూరె రాయి దగ్గరికి వెళ్ళింది. కారులోకి మాటలు వినపడలేదు. కానీ ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని, రెండో చెయ్యి గాల్లో తిప్పుతూ, మలుపు ఎలా తిరిగిందో, గుర్రం ఎలా ఎగిరిందో అన్నీ వివరంగా చెప్తోంది. మధ్యలో ఆగింది. అవతలి నుంచి ఏదో జవాబు విన్నట్టు తల అడ్డంగా ఊపి, వేలు చూపిస్తూ మళ్ళీ అందుకుంది.

"ఇంకా ఎంతసేపు?" అని గొణిగాడు సిక్‌స్టెన్.

"నోరు మూసుకో," అంది మాయ్‌లిస్. "కొట్లాడుకోనీ."